గఫార్ సాబ్ వేసిన అమ్మ

వానలు వెనకపట్టిన రోజుల్లో బోధన్ నుంచి మా చెల్లెలు శ్యామల ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ మొఖం ఖరాబయింది. గోడల నీళ్ళు దిగి రంగు లేసిపోయింది. నువ్వొచ్చి మంచిగ చేసియ్యి, పెత్రమాస దగ్గరికొచ్చె," అంది. మా అమ్మ పోయి అర్ధ శతాబ్దం దాటింది. శ్యామల అంటున్నది గోడ మీది రంగుల బొమ్మ గురించి. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ బొమ్మ అనరు. అమ్మకు దుమ్ము పట్టింది అంటారు, అమ్మను జర పక్కకు జరుపు అంటారు. కొత్తవాళ్ళు వింటే బెదిరిపోతారు. నేను హైదరాబాద్‌లో ఆర్ట్ కాలేజీలో పిల్లలకు ముఖాలు గీయడం నేర్పించి రిటైరైన దాన్ని. ఇప్పుడు పొద్దున్నే కుండీల్లో మొక్కలకు నీళ్ళు పోయడం తప్ప వేరే పని లేదు. రాలేనని చెప్పడానికి ఒక్క సాకు కూడా దొరకలేదు. రంగుల పెట్టె సర్దుకుని బస్సెక్కాను.

డిచ్‌పల్లి దాటి నిజామాబాద్ బస్టాండులో బస్సు మారేసరికి మధ్యాహ్నమైంది. బోధన్‌లో దిగి ఇంటికి వెళ్ళేసరికి శ్యామల ఆ పటాన్ని దించి, పాత చీర పరిచిన మంచం మీద పేషెంటును పడుకోబెట్టినట్టు పడుకోబెట్టింది. కళ్ళు, నుదురు, బొట్టు బాగానే ఉన్నాయి. ముక్కు కింది నుంచి గడ్డం దాకా రంగు పొక్కులు లేచి, పెంకుల్లా ఊడిపోయింది. "సూడు, మూతి ఎట్ల వంకరయ్యిందో," అంది శ్యామల. వంకర కాలేదు. ఊడిపోయిన రంగు కింద ఇంకో నోరు ఉంది. పైపెదవి కొంచెం పైకి లేచి, ముందు పళ్ళు కాస్త కనిపిస్తూ, పెదవి పక్కన చిన్న గుంటతో, రంగు వెలిసిపోయినా స్పష్టంగా ఉంది. ఆ లోపలి నోరు మా అమ్మది. పైన ఊడిపోయింది ఎవరిదీ కాదు. ఒకే పటంలో ఇద్దరు మనుషులు ఎలా వచ్చి చేరారో చెప్పాలంటే, నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లోకి వెళ్ళాలి. తారీఖులు నాకు గుర్తుండవు. బాపు చొక్కాకు చీమలు పట్టే రోజులని మాత్రం చెప్పగలను.

మా నాన్నను బాపు అనేవాళ్ళం. చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. చెరకు ఆడించే నెలల్లో పని ఉండేది, మిగతా నెలల్లో ఉండేది కాదు. డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పి మేకుకు తగిలిస్తే, కాసేపటికి గోడ మీద చీమల బారు మొదలయ్యేది. మా అవ్వ, అంటే బాపు వాళ్ళమ్మ, ఆ చొక్కాను దులిపి దులిపి, "చక్కెర ఫ్యాక్టరీల చేసేటోని పెండ్లాం కావాలంటె ముందుగాల్ల చీమలతోని దోస్తీ చెయ్యాలె," అనేది. ఊరంతా కాగిన చెరకు రసం వాసన. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి రోజు నోరూరేది, మూడో రోజుకు కడుపులో తిప్పేది. మాకైతే వాసన ఉన్నట్టే తెలిసేది కాదు, సీజన్ అయిపోయి ఆగినప్పుడు మాత్రం ఏదో తగ్గినట్టుండేది. పొగగొట్టంలోంచి నల్లటి నుసి రాలి ఆరేసిన బట్టల మీద పడేది. అందుకని మా వాడలో తెల్లచీర కట్టిన మనిషి కనిపించేది కాదు. బడి యూనిఫారం తెల్లచొక్కాను శ్యామల ఇంట్లోనే దండెం మీద ఆరేసుకునేది. ఆరక తడితడిగానే వేసుకుని పోయేది.

అవ్వ బీడీలు చుట్టేది. రాత్రే నానబెట్టి తడిగుడ్డలో కట్టి ఉంచిన తునికాకును పొద్దున్నే విప్పితే, ఇల్లంతా అడివి వాసన వచ్చేది. చాట ఒళ్ళో పెట్టుకుని, అందులో ఒక పక్క కత్తిరించిన ఆకు, ఇంకో పక్క తమాకు పోసుకుని కూర్చుంటే, అన్నం వేళ వరకు లేచేది కాదు. మాట్లాడుతూనే చుట్టేది, తిడుతూనే చుట్టేది, కునుకు తీస్తూ కూడా చుట్టేది. బడి నుంచి వచ్చాక నేనూ కొన్ని చుట్టాలి. నా బీడీలు ఒక చివర లావు, ఒక చివర సన్నం. కార్ఖానాలో మాలు చూసి తీసుకునే మనిషి నావి మాత్రమే ఏరి పక్కన పడేసేవాడు. "గీ పోరి చేతులు దేనికి పనికొస్తయో దేవునికే ఎరుక," అని అవ్వ దారిలో పోయేవాళ్ళను కూడా ఆపి చెప్పేది. బాపు మాత్రం నా తరఫున ఒక్క మాట మాట్లాడేవాడు. "ఏదో ఒకదానికి పనికొస్తయి తియ్యే అవ్వా," అనేవాడు. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు ఆయన.

అమ్మ పేరు సాయవ్వ. శ్యామల ఇంకా పాలు తాగుతుండగానే జ్వరం వచ్చి పోయింది. నాకు అప్పటికి ఊహ తెలిసిందనే చెప్పాలి, అయినా ముఖం గుర్తు లేదు. ఎంత ప్రయత్నించినా గుర్తు లేదు. ఇందులో వింతేమీ లేదని, ఆ వయసు పిల్లలకు అంతేనని చదువుకున్నవాళ్ళు చెప్పారు. నేనూ ఒప్పుకున్నాను. ఫోటో ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. పెళ్ళికి ఫోటో తీయించే స్తోమత మా వాళ్ళకు లేదు, తర్వాత తీయించే తీరిక లేదు. శ్యామల బడిలో చేరాక మొదలుపెట్టింది. పెత్రమాస నాడు పక్కింటివాళ్ళు పోయిన పెద్దల ఫోటోలు వరసగా పెట్టి, పూలదండలు వేసి, అయ్యగారికి బియ్యం ఇస్తుంటే చూసి వచ్చి, "మన అమ్మ ఎట్లుంటుండె బాపూ?" అని అడిగేది. బాపు, "మంచిగుంటుండె," అనేవాడు. "మంచిగంటె ఎట్ల?" అని మళ్ళీ అడిగేది. శ్యామల ఊరుకునే రకం కాదు. అన్నం ముందు కూర్చుని, అమ్మ ఎట్లుంటుండెనో చెప్తేనే తింటానని మొండికేసేది. ఒకరోజు బాపు కంచం ముందునుంచి లేచి, తువ్వాల భుజాన వేసుకుని, గఫార్ సాబ్ దుకాణానికి వెళ్ళాడు.

గఫార్ సాబ్ దుకాణం పాత బజారులో ఉండేది. లారీల మీద నంబర్లు, కిరాణా షాపుల బోర్డులు తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో రాసేవాడు. మనిషి బక్కగా, కళ్ళద్దాలకు దారం కట్టుకుని, బుగ్గన పాన్‌తో ఉండేవాడు. బోర్డులు రాయడం కడుపు కోసం, మనుషుల బొమ్మలు వేయడం ఇష్టం కోసం అని చెప్పేవాడు. ఆయన దగ్గర ఒక పెద్ద అట్ట ఉండేది. కేలండర్ల నుంచీ, పత్రికల నుంచీ, సబ్బు ప్రకటనల నుంచీ కత్తిరించిన ముక్కులు ఒక వరస, కళ్ళు ఒక వరస, గడ్డాలు ఒక వరస అంటించి పెట్టుకున్నాడు. ఫోటో లేని మనిషి బొమ్మ కావాలని వచ్చినవాళ్ళ ముందు ఆ అట్ట పెట్టేవాడు. "ముక్కు ఏది, ఏలు పెట్టి చూపెట్టు," అనేవాడు. వాళ్ళు కాసేపు చూసి, సందేహంగా ఒకదాని మీద వేలు పెట్టేవాళ్ళు. బోధన్ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో గోడలెక్కిన తాతలకూ ముత్తాతలకూ సినిమా హీరోల ముక్కులు అలా వచ్చినవే. ఎవరూ ఫిర్యాదు చేసినట్టు నేను వినలేదు.

బాపు ఆ అట్ట మీద వేలు పెట్టలేకపోయాడు. అక్కడున్న ఏ ముక్కూ అమ్మది కాదు. అప్పుడు గఫార్ సాబ్, "రక్తం పంచుకున్నోళ్ళు ఎవ్వలన్న ఉన్నరా భాయ్?" అని అడిగాడు. ఉంది. అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ నర్సవ్వ. నందిపేట్‌లో ఉండేది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్కలాగే ఉండేవాళ్ళని, వెనక నుంచి పిలిస్తే ఇద్దరూ పలికేవాళ్ళని అవ్వ చెప్పేది. బాపు కబురు పెడితే చిన్నమ్మ ఒక ఆదివారం బస్సులో వచ్చింది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. గఫార్ సాబ్ దుకాణంలో స్టూలు మీద కొంగు నిండా కప్పుకుని, పెళ్ళిచూపుల్లో కూర్చున్న దానికన్నా ఎక్కువ సిగ్గుపడుతూ కూర్చుంది. అవ్వ ఒక పక్క, బాపు గుమ్మం దగ్గర, నేను రంగు డబ్బాల మధ్య. శ్యామల ఇంటి దగ్గర ఉంది, పూర్తయ్యాకే చూపించాలని బాపు పట్టుదల.

గఫార్ సాబ్ మొదట చిన్నమ్మను ఉన్నదున్నట్టు గీశాడు. తర్వాత మార్పులు అడిగాడు. చిన్నమ్మే చెప్పింది. "అక్క నా కన్న జర నలుపు. పండ్లు గింత ముందుకుంటుండె, నవ్వకున్నా నవ్వినట్టే కనవడ్తుండె." అవ్వ అందుకుంది. "మూతి పక్కన అమ్మవారు పోసిన గుంట ఒకటుంటుండె, గిక్కడ," అని తన ముఖం మీదే చూపించింది. గఫార్ సాబ్ పళ్ళు కొంచెం ముందుకు తెచ్చాడు, పైపెదవి లేపాడు, గుంట పెట్టాడు, రంగు చిక్కబరిచాడు. స్టూలు మీద కూర్చున్న చిన్నమ్మ అక్కడే ఉండగా, గుడ్డ మీద ఇంకెవరో వచ్చి చేరారు. ఆ పని నా కళ్ళ ముందే జరిగింది. పెదవి అంచు వెంట్రుకవాసి లేస్తే మనిషి మారిపోవడం అప్పుడే మొదటిసారి చూశాను. ఆ రోజే నేను కళాకారిణిని కావాలని నిర్ణయించుకున్నానని సన్మాన సభల్లో చెబితే బాగుంటుంది. అలాంటిదేమీ లేదు. ఆకలేస్తోందని అవ్వ కొంగు లాగడం గుర్తుంది.

బాపు మాత్రం గుమ్మం దగ్గర నుంచి లేచి వచ్చి, పటం ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. గఫార్ సాబ్ పాన్ నమలడం ఆపేశాడు. "గిదేనా భాయ్ మీ మనిషి?" అని మెల్లగా అడిగాడు. బాపు తల ఊపాడు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చెమట తుడుచుకున్నాడని అవ్వ తర్వాత అందరికీ చెప్పింది. నేను ఆ ముఖాన్ని చూశాను. దుకాణంలో ఆ మధ్యాహ్నం, తర్వాత రంగు ఆరడానికి అక్కడే గోడకు ఆనించిన రోజుల్లో, బడి ఎగ్గొట్టి వెళ్ళి కొన్నిసార్లు చూశాను. మా అమ్మ ముఖం గురించి నాకు తెలిసిందంతా ఆ కొద్దిరోజులదే.

ఆరిన పటాన్ని ఇంటికి తెచ్చే ముందు, అవ్వ దండ కోసం బంతిపూలు గుచ్చుతోంది. చిన్నమ్మ పండక్కని మళ్ళీ వచ్చింది. శ్యామల అప్పటికి బడిలో ఉంది. బాపు పటాన్ని రిక్షాలో తెచ్చి గోడకు ఆనించగానే, అవ్వ అలవాటు కొద్దీ దండ తీసుకుని వేయబోయింది. చిన్నమ్మ కెవ్వుమంది. "అత్తమ్మా, గది నేనే! నేను బతికే ఉన్న కద. నాకు దండేస్తరా?" అని కడుపు మీద చెయ్యి పెట్టుకుని గోడకు జారగిలబడింది. అవ్వ చేతిలో దండ అలాగే ఉండిపోయింది. పళ్ళు వేరు, రంగు వేరు, గుంట వేరు, అన్నీ నిజమే. అయినా రెండడుగుల దూరం నుంచి చూస్తే గోడ మీద కూర్చున్నది చిన్నమ్మే. కడుపుతో ఉన్న మనిషి బొమ్మకు దండ వేసి, బొట్టు పెట్టి, పెత్రమాస నాడు బియ్యం ఇస్తే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. చదువుకున్నవాళ్ళకు ఇది మూఢత్వం. నేనూ చదువుకున్నాను. ఆ రోజు చిన్నమ్మ ముఖం చూసి ఉంటే, ఏ ప్రొఫెసరైనా ఆ దండను తీసి అవతల పారేసేవాడే.

దండ వేయకుండా పెట్టుకుందామని నేనన్నాను. "దండ లేకుంటె బతికున్నట్టే కదనే పిచ్చిదానా," అంది అవ్వ. ఎటు తిరిగినా చిక్కే. బాపు పటానికి గుడ్డ చుట్టి, అదే రిక్షా ఎక్కించాడు. నేను వెంట వెళ్ళాను. "సాబ్, జర మార్చాలె," అన్నాడు. గఫార్ సాబ్ పటం వైపూ, బాపు వైపూ చూశాడు. "అరె భాయ్, నువ్వే కదా గిదే అన్నవ్?" అన్నాడు. "గిదే," అన్నాడు బాపు. "గిది గాకుండ చెయ్యాలె. నర్సవ్వ లెక్క ఉండొద్దు. ఎవ్వల లెక్క ఉన్నా సరే." ఆ చివరి మాట చెప్పడానికి బాపుకు చాలాసేపు పట్టింది. గఫార్ సాబ్, రంగు ఆరిపోయింది కాబట్టి తుడవడం కుదరదని, దాని మీదే వేస్తానని చెప్పాడు. అట్ట తెచ్చి బాపు ముందు పెట్టలేదు, తనే ఒక ముక్కు, ఒక నోరు ఎంచుకున్నాడు. నలుపు పోయి చామనఛాయ కూడా దాటింది. పళ్ళు లోపలికి వెళ్ళాయి. పెదాలు చక్కగా మూసుకుని గులాబీ రంగులోకి వచ్చాయి. గుంట పూడిపోయింది. కేలండర్ లక్ష్మికి బంగారం తీసేసి నేత చీర కట్టినట్టు తయారైంది.

శ్యామల ఆ పటాన్నే మొదటిసారి చూసింది. బడి సంచీ కూడా దించకుండా నిలబడిపోయింది. "అమ్మ గింత మంచిగుంటుండెనా బాపూ?" అంది. అవ్వ వంటింట్లోకి వెళ్ళిపోయింది. "ఉంటుండె," అన్నాడు బాపు. ఆ రోజు నుంచి శ్యామల అన్నం దగ్గర మొండికేయడం మానేసింది. కంచం పట్టుకుని పటం ఎదుట కూర్చుని తినేది.

నా చదువు సంగతి చెప్పాలంటే, పెద్ద కథేమీ కాదు. ఆ తర్వాత గఫార్ సాబ్ దుకాణం చుట్టూ తిరగడం అలవాటైంది. అక్షరాలు రాయడం, గళ్ళు గీసి బొమ్మను పెద్దది చేయడం ఆయన దగ్గర నేర్చుకున్నాను. డ్రాయింగ్ పరీక్షలు నిజామాబాద్ వెళ్ళి రాశాను. ఇంటర్ తర్వాత హైదరాబాద్ ఆర్ట్ కాలేజీలో సీటు వచ్చిందంటే అవ్వ ఒప్పుకోలేదు. "బీడీలు చేస్తె కార్డు వస్తది, కార్డున్న పిల్లను ఎవ్వలన్న చేసుకుంటరు. బొమ్మలు గీసేదాన్ని ఎవడు చేసుకుంటడే?" అంది. అవ్వ మాటలో అబద్ధం లేదు. బీడీ కార్మికురాలని గుర్తింపునిచ్చే ఆ కార్డు అంటే మా వాడలో మెడలో పుస్తెల తర్వాత అంతటిది. బాపు మాత్రం, "గఫార్ సాబ్ లెక్క దుకాణం పెట్టుకుంటవా?" అని అడిగాడు. పెట్టుకుంటానన్నాను, ఆయనకు అర్థమయ్యే జవాబు అదొక్కటే కాబట్టి. ఆయనే బస్సులో వెంట వచ్చి హాస్టల్లో దింపిపోయాడు.

కాలేజీలో చాలా నేర్చుకున్నాను. గఫార్ సాబ్ రంగులు చూస్తే ముఖం చిట్లించుకోవడం కూడా అక్కడే నేర్చుకున్నాను. సెలవులకు ఇంటికి వస్తే గోడ మీది ఆ మనిషి నాకు ఎదురుగా కూర్చుని ఉండేది. ఎముక లేని ముక్కు, నీడ లేని బుగ్గ. రాత్రిళ్ళు హాస్టల్లో ఆ దుకాణంలో చూసిన మొదటి ముఖాన్ని గీయాలని చూసేదాన్ని. ఎన్నిసార్లు గీసినా చిన్నమ్మ వచ్చేది, లేదంటే గోడ మీది ఆవిడ వచ్చేది. మధ్యలో ఉన్న మనిషి రాలేదు. విసుగొచ్చి ముఖాలు వేయడం మానేశాను. బీడీలు చుట్టే ఆడవాళ్ళను వేశాను, అందరూ తలలు వంచుకుని, కొంగులు ముందుకు జారి, ముఖాలు కనిపించకుండా. అవి నాకు పేరు తెచ్చాయి. శ్రమజీవుల అనామకత్వం అని పత్రికల్లో రాశారు. గుర్తింపులేని స్త్రీకి ప్రతీక అని ఒకాయన పెద్ద వ్యాసమే రాశాడు. నేను కాదనలేదు. ముఖం వేయడం చేతకాక తల వంచానని చెబితే ఉద్యోగం కూడా వచ్చి ఉండేది కాదు. తమాషా ఏమిటంటే, కాలేజీలో నాకు ఇచ్చిన క్లాసు ముఖచిత్రాలదే. ఎదురుగా కూర్చున్న మనిషిలో ఏముందో అదే వేయండి, అందం మీరు కలపకండి అని ఏటేటా కొత్త పిల్లలకు చెప్పాను. మంచి టీచర్నే అనుకుంటాను. పిల్లలు ఇప్పటికీ ఫోన్లు చేస్తారు.

ఒకసారి హైదరాబాద్‌లో నా బొమ్మల ప్రదర్శన పెడితే బాపును తీసుకెళ్ళాను. అప్పటికి ఆయన ఫ్యాక్టరీ పని మానేశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక్కో బొమ్మ ముందు గుళ్ళో నిలబడినట్టు నిలబడ్డాడు. అన్నీ చూశాక, "మొఖాలేవి బిడ్డా?" అని అడిగాడు. కనబడకుండా వేశానని చెప్పాను. "అట్లనా," అన్నాడు. బోధన్ బస్సెక్కించడానికి వెళ్ళినప్పుడు కిటికీలోంచి, "యాది చేసుకుంటున్నవా ఇంకా?" అన్నాడు. దేని గురించి అని అడిగే లోపలే బస్సు కదిలింది. ఆయన పోయే దాకా ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు, ఆయనా మళ్ళీ అడగలేదు. అవ్వ ముందే పోయింది. గఫార్ సాబ్ దుకాణం ఉన్న చోట ఆయన పిల్లలు ఫ్లెక్సీలు అచ్చువేస్తున్నారు. ఎవరైనా పోతే గంటలో మనిషంత ఫోటో చేతికొస్తుంది. ఇప్పుడు పుట్టిన పిల్లకు నడక వచ్చేలోపు వందల ఫోటోలు ఉంటాయి. తల్లి ముఖం ఎలా ఉండేదని ఏ పిల్లా అన్నం ముందు అలిగే అవసరం రాదు. అది మంచిదే. మా కాలం గొప్పదని నేను చెప్పను.

మొన్నటి ఎండాకాలంలో చిన్నమ్మ చనిపోయింది. మనవళ్ళను, మునిమనవళ్ళను చూసే పోయింది. కర్మలకు నందిపేట్ వెళ్ళినప్పుడు ఆమె ఫోటోకు దండ వేసి ఉంది. దాని ముందు నిలబడి నేను ఆలోచించింది ఆమె గురించి కాదు. ఇక ఎవరికీ భయం లేదు కదా అనుకున్నాను. అలా అనుకున్నందుకు కొంచెం సిగ్గుగానే ఉంది. శ్యామల ఫోన్ వచ్చేసరికి నా మనసులో పని సగం మొదలైపోయి ఉంది. ఇప్పుడు మంచం మీద ఆ పటం, ఊడిన రంగు కింద అమ్మ నోరు. గఫార్ సాబ్ ఆరిన రంగు మీద గరుకు చేయకుండా వేశాడు కాబట్టి పైపొర కిందిపొరను అంటుకోలేదు. చెమ్మ తగలగానే లేచింది. మిగతాది కూడా జాగ్రత్తగా లేపితే వస్తుంది. ఆ పనికి కావలసిన బ్లేడ్లు, మందులు పెట్టెలో పెట్టుకునే వచ్చాను. ఆ ముఖం కోసం నేను జీవితమంతా వెతికాను, అది మా ఇంటి గోడ మీదే, అందరి కళ్ళ ముందూ, ఇంకొకరి ముఖం కింద ఉంది.

"శ్యామలా, గిది మూతి వంకర కాదు," అన్నాను. "గీ కిందున్నదే అమ్మ మూతి. చిన్నమ్మ పాయె, ఇగ ఎవ్వలకు భయం? పైరంగు తీస్తె అసలు అమ్మ బయటికొస్తది." ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఎలా చెప్పాలో బస్సులో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. శ్యామల మంచం కోడును పట్టుకుని కూర్చుంది.

"నాకెరుకే అక్కా. నా పెండ్లప్పుడు చిన్నమ్మ చెప్పింది."

"ఎరుకైతే మరి?"

"మరేంది? నువ్వు చెప్పెటామె నీకు అమ్మ. నీకు పాలిచ్చింది, నిన్ను ఒళ్ళె పండవెట్టుకున్నది. నా నెత్తి మీద చెయ్యి వెట్టిందో లేదో గుడ నాకెరుక లేదు. జ్వరమొస్తె నేను గీమెతోని మాట్లాడిన. పరీక్షకు పోతె గీమెకు మొక్కి పోయిన. నా బిడ్డ పుడితె మొదలు గీమెకే చూపెట్టిన. గిప్పుడు నువ్వొచ్చి గీమెను గీకేసి, ఇంకొకామెను తెచ్చి గిదే నీ అమ్మ అంటె నేను యాడికి పోవాలె?" అంది. గొంతు పెంచలేదు. తను పనిచేసే అంగన్‌వాడీలో పిల్లలకు చెప్పినట్టే చెప్పింది. తర్వాత, "నీకు కావాలంటె ఫోన్ల ఫోటో తీస్కో అక్కా. నాకు మాత్రం నాది నాకు మంచిగ చేసియ్యి," అంది.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ పక్కన పెట్టాను. ఎందుకు తీయలేదో ఇప్పటికీ సరిగా చెప్పలేను. చాలా దుఃఖం వచ్చింది, అది మాత్రం చెప్పగలను. ఆ రోజంతా ఏమీ చేయలేదు. భోంచేశాం, ఊరి సంగతులు మాట్లాడుకున్నాం, ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎవరెవరు ఎక్కడికి వెళ్ళారో శ్యామల చెప్పింది. మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గర వెలుతురు బాగున్నప్పుడు పటాన్ని గోడకు ఆనించి, ఎదురుగా కూర్చుని ఆ నోటిని చూశాను. టీ రెండుసార్లు చల్లారింది. శ్యామల తొందరపెట్టలేదు.

తర్వాత రంగు కలిపాను. గఫార్ సాబ్ వాడిన గులాబీ రంగును నా విద్యార్థులెవరైనా కలిపి ఉంటే క్లాసులోంచి బయటికి పంపేదాన్ని. ఆ రంగే కలిపాను. ఊడిన అంచులు సరిచేసి, గరుకు చేసి, మళ్ళీ ఊడకుండా అంటుకునేలా పూత పూశాను. ముందు పళ్ళు కప్పాను. పైపెదవి కిందికి దించాను. పెదవి పక్కన గుంట దగ్గర కుంచె ఆగింది. శ్యామల నా భుజం పక్కనే కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తోంది. చిన్నప్పుడు కంచం పట్టుకుని కూర్చున్న పిల్లే ఆమె. గుంట కప్పేశాను. బుగ్గ మీద నీడ కూడా కలపలేదు, గఫార్ సాబ్ కలపలేదు కాబట్టి. ముఖాలు వేయడం మానేశాక, నా చేత్తో నేను ఒక ఆడమనిషి ముఖం చివరిదాకా పూర్తిచేయడం అదే మొదటిసారి.

"మంచిగయింది," అంది శ్యామల. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను కుంచెలు కడుగుతూ ఉన్నాను. నీళ్ళలో గులాబీ రంగు పోతోంది. నిన్న ఆమె అన్న మాట నాలో తిరుగుతూనే ఉంది.

"వెట్టింది శ్యామలా," అన్నాను.

"ఏంది?"

"నీ నెత్తి మీద చెయ్యి. అమ్మ మొఖం నాకు యాదికి లేదు గని, చేతులు యాదికున్నయి. బీడీలు చేసుకుంట చేసుకుంట నువ్వు ఏడిస్తె ఆపుతుండె. తమాకు చెయ్యి అని ముందుగాల్ల కొంగుకు తుడుసుకుంటుండె. మళ్ళ వాసన చూసుకొని, ఇంకొకసారి తుడుసుకొని, అప్పుడు నీ నెత్తి మీద వెడుతుండె. నేను పక్కన కూసోని చూసిన."

శ్యామల నెరిసిన జుట్టు మీదికి చెయ్యి పోనిచ్చి, మళ్ళీ దించేసుకుంది. తర్వాత చిన్నపిల్లలా అడిగింది.

"ఒక్కసారేనా అక్కా?"

"రోజూ," అన్నాను.